పెద సూర్రావు, చిన సూర్రావు

రెండూ నలభైకి ఫోను.
"మళ్ళీ పడిపోయిందండీ హైమగారూ" అంటాడు చిన సూర్రావు.
వెనకాల జనరేటర్ దగ్గు.

పడిపోయింది మనిషి కాదు, నా ప్రోగ్రాము.
చెరువు నీళ్ళలో ఊపిరి నాలుగుకి దిగితే
ఏరేటర్లని లేపాల్సింది అదే.
అదే ముందు కన్నుమూస్తే
తెల్లారేసరికి రొయ్యలన్నీ గట్టు చేరతాయి,
గట్టెక్కడానికి కాదు.

ఆకివీడు నుంచి స్కూటీ మీద,
ఉప్పుటేరు గట్టు వెంట,
మంచులో లైటు రెండు గజాలు దాటి పోదు.
మకాంలో మేత బస్తాల మీద ల్యాప్‌టాప్ తెరిచాను.
సూర్రావు అప్పటికే స్విచ్చులన్నీ చేత్తో వేసేశాడు.
"ఇంక నిదానంగా చూసుకోండి" అన్నాడు.
నాకు సిగ్గేసింది.

తెర మీద ఒక్క ముక్క: సెగ్మెంటేషన్ ఫాల్ట్.
ఏ లైనులోనో చెప్పదు, ఎవరి మీదా అనుమానం చెప్పదు.
మరణ వాంగ్మూలం ఇవ్వకుండా పోయినవాళ్ళతో
ఇదే చిక్కు.
ఇరుగుపొరుగుని పిలిచి అడగాలి.

సెన్సారు చదివేదాన్ని ఒంటరిగా పిలిచాను. పలికింది.
గ్రాఫు గీసేదాన్ని పిలిచాను. అదీ పలికింది.
ఇద్దర్నీ ఒక చాప మీద కూర్చోబెట్టాను.
చచ్చింది.
ముందు గ్రాఫుని, తర్వాత సెన్సారుని పిలిచి చూశాను.
బతికింది, పదకొండు నిమిషాలు.
చచ్చినప్పటికంటే
ఆ పదకొండు నిమిషాలే నన్ను ఎక్కువ భయపెట్టాయి.

సూర్రావు చెక్‌ట్రే లేపి, మేత తిన్నాయో లేదో చూసి,
తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు.
"దొరికిందాండీ?"
లేదన్నాను.
ఫ్లాస్కులో టీ వంచుతూ తన గోల చెప్పుకొచ్చాడు.

"అవతలి గట్టు మీద కాపలా ఉంటాడే పెద సూర్రావు,
ఆయనా నేనూ ఒకే ఇంటిపేరు, ఒకే పేరు.
ఊళ్ళో పెద, చిన అంటారు గానీ
ఆసుపత్రి కార్డు మీద ఎవడు రాస్తాడు?
పోయినేడు ఆయన షుగరు బిళ్ళలు నా చేతిలో పెట్టారు.
సూర్రావంటే పలికాను మరి, నా తప్పేముంది?
రెండ్రోజులు మింగాను.
మూడోరోజు కళ్ళు తిరిగి ఇదిగో, ఈ చెరువులోనే."

టీ గ్లాసు కింద పెట్టేశాను.

పేరు కాదు, ఇల్లు అడగాలి.
ఆ పేరుతో పిలిస్తే
ఏ గడప లోంచి ఎవరు లేచి వస్తున్నారో
ఒక్కొక్క దారీ బయటికి తీయించాను.
ఇద్దరున్నారు.
ఒకే లైబ్రరీ, ఒకే పేరు, రెండు వయసులు.
ముందు ఎవరు గుమ్మంలోకి వస్తే
వాళ్ళకే అందరి పనీ అప్పగిస్తోంది యంత్రం.
ఒకటి కుంచాల్లో చెబితే
ఇంకొకటి అడ్డల్లో కొలుచుకుంటోంది,
కొలత తప్పిన చోట
ఎవరిదో కాని నేల మీద కాలు పెడుతోంది.

మూడేళ్ళ కింద ఎవరో కుర్రాడు దించి వెళ్ళాడట పాతది.
వాణ్ణి తిట్టడం మొదలుపెట్టి
రెండోదాని తేదీ చూసి ఆపేశాను.
కార్తీక మాసం, సోమవారం, రాత్రి పదకొండు.
తెచ్చి పెట్టింది నేనే.

పాతదాన్ని పీకేద్దామని చెయ్యి పోయింది.
పీకితే పక్క షెడ్డులో తూకం మిషను ఆగుతుంది,
అది దాన్నే నమ్ముకుని ఉంది.
ఎవర్నీ పంపలేదు.
నా ప్రోగ్రాముకి వేరే గది కట్టాను,
ఎవర్ని పిలవాలన్నా
వీధీ గుమ్మంతో సహా చెప్పి పిలవమన్నాను.

నాలుగూ పదికి ఊపిరి మూడున్నరకి పడింది.
నేను దేన్నీ ముట్టుకోలేదు.
మొదటి చక్రం తనంతట తనే కదిలింది,
తర్వాత రెండోది,
నీళ్ళు తెల్లగా విరిగాయి.
పదకొండు నిమిషాలు లెక్కపెట్టాను. పన్నెండు. ఇరవై.

అప్పుడు అవతలి గట్టు మీంచి ఎవరో
"సూర్రావో!" అని కేక.
చిన సూర్రావు కదల్లేదు,
ఫ్లాస్కు మూత బిగిస్తూ అన్నాడు:
"ఏ సూర్రావో చెప్పనీండి."